టెన్షన్ టెస్ట్‌కు ముందు చూసుకోవాల్సినవి

విజయనగరం, శ్రీకాకుళం కాలేజీల్లో సివిల్, మెకానికల్ చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ ల్యాబ్‌లో ఉక్కు కడ్డీని తెగేదాకా లాగి చూసే టెన్షన్ టెస్ట్ కోసం దాన్ని యూటీఎం (యూనివర్సల్ టెస్టింగ్ మెషిన్) మీదకు ఎక్కించే ముందు ఇవి చూసుకోండి.

• బూట్లు తప్పనిసరి. చున్నీ, జడ ముడేసుకోండి.

• వెర్నియర్ జీరో ఎర్రర్ (మూసి ఉన్నప్పుడు సున్నా చూపకపోవడం) చూశాకే కడ్డీ వ్యాసం కొలవండి, అదీ మూడు చోట్ల. అందరూ తొందరపడేది ఇక్కడే. 10 మి.మీ. కడ్డీని 10.2 అని రాస్తే వైశాల్యం 4 శాతం పెరిగిపోతుంది. స్ట్రెస్ (లోడును వైశాల్యంతో భాగిస్తే వచ్చేది) దాదాపు అంతే తగ్గుతుంది, ఆ తర్వాత గ్రాఫ్ ఎంత అందంగా గీసినా లాభం లేదు.

• గేజ్ లెంగ్త్ (సాగుదల కొలిచే భాగం పొడవు) సాధారణంగా వ్యాసానికి 5 రెట్లు. దాని కొసల్లో పెట్టే పంచ్ గుర్తు లోతుగా కొట్టొద్దు, కడ్డీ అక్కడే తెగొచ్చు.

• యీల్డ్ లోడు (కడ్డీ శాశ్వతంగా సాగడం మొదలయ్యే లోడు) ముందే లెక్కకట్టండి. 250 మెగాపాస్కల్ యీల్డ్ స్ట్రెస్ ఉన్న మైల్డ్ స్టీల్, 10 మి.మీ. కడ్డీ అయితే సుమారు 19.6 కిలోన్యూటన్లు. ఈ అంకె నోట్‌బుక్‌లో ఉంటే, యీల్డ్ దగ్గర లోడు డయల్ ముల్లు తడబడిన క్షణాన్ని వదులుకోరు. నా దృష్టిలో ఈ ప్రయోగానికి ప్రాణం ఆ క్షణమే.

• ఎక్స్‌టెన్సోమీటర్ (కడ్డీకి బిగించి సాగుదల కొలిచే పరికరం) ఎవరు తీస్తారో ముందే అనుకోండి. యీల్డ్ దాటగానే లోడింగ్ ఆపించి తీసేయాలి. కడ్డీ తెగే దాకా ఉంచితే పరికరం పాడవుతుంది.

• తెగేటప్పుడు మొహం దగ్గర పెట్టి చూడొద్దు.