మూడో పాఠం: సంతకం పెట్టే ముందు గేటు దగ్గర ఒక షిఫ్ట్

మీరు కొనాలనుకుంటున్న మెషీన్ గానీ సాఫ్ట్‌వేర్ గానీ ఏ సమస్య తీర్చడానికో రెండు వాక్యాల్లో రాయమని పోయిన పాఠంలో చెప్పాను. ఆ కాగితం తీయండి. దాని కింద ఈసారి ఇంకో ప్రశ్న రాయాలి: దీన్ని రోజూ ముట్టుకునేది ఎవరు? "మా స్టాఫ్" అంటే చాలదు. ఒక్క మనిషిని మనసులో పెట్టుకుని వయసు, చదువు, కంటిచూపు, డ్యూటీకి ఎలా వస్తారు, చేతులు ఎలా ఉంటాయి అన్నీ రాయండి.

చేతుల సంగతి ఎందుకు అడుగుతున్నానో చెబుతాను.

చిత్తూరు దగ్గర మాకు మామిడి పల్ప్ యూనిట్ ఉంది. జూన్, జూలై నెలల్లో తోతాపురి కాయల ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరతాయి. కాయలు కడిగేది, కోసేది ఎక్కువగా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లే. ఒక సీజన్‌లో హాజరు వేసే మస్టర్ పుస్తకం తీసేసి వేలిముద్ర మెషీన్ పెట్టాను. డెమో నా ఏసీ గదిలో జరిగింది. నా వేలు, మేనేజర్ వేలు, అకౌంటెంట్ వేలు పెట్టగానే పడ్డాయి. ఆ పూటే అడ్వాన్స్ ఇచ్చేశాను.

రెండో వారానికి కూలి లెక్కల్లో గొడవ మొదలైంది. పనికి వచ్చినవాళ్లకే అరపూట ఆబ్సెంట్ పడుతోంది. "సరిగ్గా పెట్టడం లేదు సార్" అన్నాడు సూపర్‌వైజర్. నేనూ నమ్మాను. ఒకరోజు షిఫ్ట్ దిగే వేళకు గేటు దగ్గర నిలబడ్డాను. యాభై దాటిన ఒకామె వేలు పెట్టింది. ఎర్రలైటు. కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ ఎర్రలైటే. బయట వాళ్ల ఊరి ఆటో హారన్ కొడుతోంది. ఆమె నా ముందు అరచేయి చాపింది. పొద్దుట్నుంచి నీళ్లలో నాని వేళ్ల కొసలు ముడతలు పడ్డాయి. కాయ సొన తగిలిన చోట చర్మం నల్లబడి పొలుసులు లేచింది. "ముద్ర యాడుంది సార్, పడేదానికి?" అంది.

ఏళ్ల తరబడి చేతిపని చేసేవాళ్ల వేలిగీతలు అరిగిపోతాయి. తడి, ముడతలు తోడైతే మెషీన్ అసలే తీసుకోదు. ఇది నాకు తెలియనిది కాదు. రేషన్ షాపులో ముసలివాళ్లు ఒక్కో వేలూ మార్చి మార్చి పెట్టడం మనమంతా చూసిందే. అయినా నా గేటు దగ్గర అదే జరుగుతుందని తోచలేదు. డెమో చూసిన గదిలో తడి చేయి ఒక్కటీ లేదు మరి. సూపర్‌వైజర్ చిట్టా, తోటివాళ్ల మాట పెట్టుకుని లెక్కలన్నీ తిరగరాసి, పోయిన కూలి ఇచ్చాం. వాళ్లను అనుమానించినందుకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక సాధన. డెమో మీ గదిలో వద్దు, పని జరిగే చోట, రద్దీ వేళలో పెట్టించండి. ట్రయల్‌కు చురుకైన కుర్రాళ్లను ఎంచుకోకండి. ఎవరికి కష్టమవుతుందనుకుంటారో ముందు వాళ్లనే పిలవండి. అయిదుగురు, ఒక పూర్తి షిఫ్ట్. మీరు పక్కన నిలబడి చూడాలి, నేర్పకూడదు. ఎక్కడ ఆగారు, ఎవరిని సాయం అడిగారు, ఎన్నోసారికి పడింది, అంతే రాయండి. "ఆమెకు రాదు" అని రాశారా, కొట్టేసి "మెషీన్ తీసుకోలేదు" అని రాయండి. ఈ చిన్న దిద్దుబాటు దగ్గరే చాలామంది తడబడతారు.

వేలిముద్ర కుదరకపోతే ముఖం చూసే మెషీన్ తెస్తామంటారు. దానికీ ఇదే పరీక్ష. 2018లో జాయ్ బువోలమ్‌విని, టిమ్నిట్ గెబ్రూ అనే పరిశోధకులు మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్‌ను పరిశీలించారు. ముఖం చూసి ఆడో మగో చెప్పడంలో తెల్ల రంగు మగవాళ్ల విషయంలో తప్పులు 0.8 శాతం మించలేదు. నల్ల రంగు ఆడవాళ్ల దగ్గరకు వచ్చేసరికి 34.7 శాతం దాకా వెళ్లాయి. అందుకే కంపెనీ చెప్పే సగటు లెక్కతో సరిపెట్టుకోకండి, మీ మనుషుల ముఖాలతో చూపించమనండి. తిరుపతిలో లాడ్జి నడిపేవారైతే, కొండ మీద గుండు చేయించుకుని, గంధం పూసుకుని దిగివచ్చిన వాళ్లను గుర్తుపడుతుందేమో డెమోలోనే చూడండి.

టయోటా ఫ్యాక్టరీల్లో తేడా కనిపిస్తే కార్మికుడే తాడు లాగి సాయం పిలవవచ్చు, అవసరమైతే లైను ఆగిపోతుంది. మీ గేటు దగ్గర అలాంటి తాడు ఏది? మేం మెషీన్ పక్కనే మస్టర్ పుస్తకం తిరిగి పెట్టాం. వేలు పడకపోతే ఎవరినీ అడగకుండా సంతకమో గుర్తో పెట్టి వెళ్లవచ్చు. కూలి ముందు, విచారణ తర్వాత.

వేలిముద్ర, ఫొటో తీసుకుంటున్నారంటే ఎందుకో తెలుగులో చెప్పండి. సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలో గానీ చూసుకునే వీలుండాలని 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం చెబుతోంది. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది.

ఈ వారం మీ పని: మీ దగ్గర ఇప్పటికే నడుస్తున్న మెషీన్ ఒకటి ఎంచుకుని, షిఫ్ట్ దిగే అరగంట దాని పక్కన నిలబడండి. ఎవరెవరు రెండోసారి ప్రయత్నించారో రాసుకోండి. వచ్చే పాఠంలో ఆ కాగితం పట్టుకుని వెండర్‌తో కాంట్రాక్టు మాట్లాడబోతున్నాం.