లద్దాఖ్ వెళ్తున్నారా? చలి కంటే ముందు నీళ్ల సంగతి చూసుకోండి

లేహ్‌లో ఏడాది మొత్తం మీద పడే వాన 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అందుకే బయల్దేరేవాళ్లు చలికోట్లు, ఆక్సిజన్ క్యాన్లు సర్దుకుంటారు గానీ నీళ్ల ఊసే ఎత్తరు. జూలై, ఆగస్టుల్లో వెళ్తుంటే అక్కడ ప్రమాదం ఎక్కువగా నీళ్ల రూపంలోనే వస్తుంది.

లేహ్ ఉన్న లోయ ఎలా ఉంటుందో ముందు తెలుసుకోవాలి. ఉత్తరాన లద్దాఖ్ శ్రేణి, దక్షిణాన జన్‌స్కార్ శ్రేణి, నడుమ సింధు నది. నిమ్ము దగ్గర జన్‌స్కార్ నది వచ్చి సింధులో కలుస్తుంది. ఖర్దుంగ్ లా కనుమ దాటి అవతలికి దిగితే నుబ్రా, ష్యోక్ నదులు. వీటికి నీళ్లిచ్చేది ఎక్కువగా పైన కరిగే మంచు. ఎండ ఎక్కేకొద్దీ కరుగుతుంది, ఆ నీళ్లు కిందికి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. పొద్దున్నే చీలమండ లోతు ఉన్న నాలా, అంటే రోడ్డుకు అడ్డంగా పారే కొండవాగు, సాయంత్రానికి మోకాళ్లు దాటొచ్చు. ఆకాశం ఎంత తేటగా ఉంటే వరద అంత ఎక్కువ. ఈ లెక్క కొత్తవాళ్లకు ఒక పట్టాన ఎక్కదు.

కాబట్టి నాలాలున్న దారిలో తెల్లవారుజామునే బయల్దేరండి. పాంగాంగ్ సరస్సు దారిలో ఒకదానికి పాగల్ నాలా అనే పేరే ఉంది. నుబ్రా నుంచి ష్యోక్ వెంబడి పాంగాంగ్ వెళ్లే దారి చూడ్డానికి షార్ట్‌కట్టే, కానీ నది పొంగితే రోడ్డు మీదికే వస్తుంది. ముందురోజు అటు నుంచి వచ్చిన డ్రైవర్లను అడగండి, మ్యాప్‌ను నమ్మకండి.

నాలా దగ్గరికి వచ్చాక బండి ఆపి దిగండి. నీళ్లు సిమెంట్ కలిపినట్టు బూడిదరంగులో ఉంటాయి, అడుగు కనిపించదు. ఒక్క నిమిషం చెవి పెట్టి వినండి: లోపల రాళ్లు దొర్లుతున్న దడదడ వినిపిస్తే ఇక దిగే మాటే వద్దు, పొద్దున్నే చూసుకోవచ్చు. ముందు వెళ్లిన బండి ఎక్కడ మునిగిందో గమనించండి. దాటేటప్పుడు ఫస్ట్ గేర్, మధ్యలో ఆగొద్దు. ఇంజిన్ నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. లోపలికి నీళ్లు వెళ్లుంటే ఇంజిన్ పాడవుతుంది, నెట్టుకుని బయటికి తెచ్చుకోండి. నడిచి దాటాల్సి వస్తే బూట్లు విప్పకండి. బ్యాగు నడుం బెల్టు మాత్రం తీసేయండి, పడిపోతే వదిలించుకోడానికి.

వాన తక్కువే అయినా, పడితే మాత్రం తట్టుకోవడం కష్టం. కొండలు బోడివి, మట్టి వదులుగా ఉంటుంది. 2010 ఆగస్టు 5 రాత్రి లేహ్ దగ్గర కురిసిన కుంభవృష్టికి బురద, బండలు దొర్లుకొచ్చి చోగ్లమ్‌సర్ లాంటి ఊళ్ల మీద పడ్డాయి. 200 మందికి పైగా పోయారు. పక్కవాగు కొండల్లోంచి లోయలోకి విచ్చుకునే చోట చదునుగా, పచ్చగా బావుంటుంది, టెంట్ వేయాలని మనసు లాగుతుంది. ఆ చదునును చేసింది పాత వరదలే. కాస్త ఎత్తుకు, పక్కకు జరగండి. ఎండిన వాగులో అయితే ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

ఇంకోటి. పారే వాగు ఉన్నట్టుండి సన్నబడి బురదగా మారితే పైన ఎక్కడో కొండచరియ అడ్డం పడి ఉండొచ్చు. ఆ కట్ట తెగితే నీళ్లన్నీ ఒక్కసారిగా వస్తాయి. 2014 చివర్లో జన్‌స్కార్‌లోని ఫుక్తల్ నదికి ఇలాగే అడ్డం పడింది, 2015 మేలో అది తెగి కింద వంతెనలు కొట్టుకుపోయాయి. అక్కడ నెలలు పట్టింది, చిన్న వాగుకు నిమిషాలు చాలు. ఏమైందా అని చూస్తూ నిలబడొద్దు, వెంటనే గట్టెక్కండి.

ఎత్తు సంగతి అందరూ చెప్పేదే: లేహ్ 3,500 మీటర్లు, దిగాక కనీసం రెండు రోజులు రెస్ట్. ప్లాన్‌లో ఇంకో రెండు రోజులు ఖాళీగా ఉంచుకుని, రిటర్న్ ఫ్లైట్ వాటి తర్వాతే బుక్ చేయండి. మర్నాడే ఫ్లైట్ ఉంటే సాయంత్రం నాలుగింటికి పొంగుతున్న నాలాలోకి బండి దింపేస్తారు.