ఇన్సులిన్ వేసే ముందు నర్సులు చూసుకోవాల్సినవి

☐ ముందు షుగర్ చూడండి. 70 కంటే తక్కువుంటే ఇన్సులిన్ ఆపి డాక్టర్‌కు చెప్పండి. స్పృహలో ఉండి మింగగలిగితే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి.

☐ సీసా మీద 40 అని ఉందా, 100 అని ఉందా (ఒక మిల్లీలీటరులో ఎన్ని యూనిట్ల ఇన్సులిన్ ఉందో చెప్పే అంకె)? 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూతది. నాకు ఎక్కువ భయం ఇక్కడే. 100 ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 50 యూనిట్లు! ఎంత హడావిడిలో ఉన్నా ఇంకో నర్సుకు చూపించాకే వేయండి.

☐ తెల్లగా మసకగా ఉండే రకమైతే అరచేతుల మధ్య మెల్లగా దొర్లించండి, కుదపొద్దు.

☐ భోజనం ముందు వేసేదా? ప్లేటు మంచం దగ్గరకు వచ్చాకే. "తెస్తున్నారు" అంటే సరిపోదు.

☐ నిన్నటి చోటే మళ్లీ పొడవకండి.