టాప్ దించితే మెడ మీద గాలి బాదుతోందా? పాత మియాటాలో ముందు చూడాల్సినవి

1989 నుంచి 1997 దాకా తయారైన మొదటి తరం మాజ్డా మియాటా గురించి ఇది. అమెరికాలో పాత రెండు సీట్ల కన్వర్టిబుల్ (టాప్, అంటే పైకప్పు, మడిచి దించుకునే కారు) కొనుక్కోవాలని సరదాపడే మనవాళ్ళు చాలామంది చివరికి దీని దగ్గరే ఆగుతారు. కొన్న నెల తిరక్కుండానే ఫోన్ వస్తుంది. "ఊళ్ళో బాగానే ఉందండీ, ఫ్రీవే ఎక్కితే చాలు, వెనక నుంచి ఎవరో టపటపా కొడుతున్నట్టు ఉంది. ఏ విండ్ డిఫ్లెక్టర్ కొనమంటారు?"

విండ్ డిఫ్లెక్టర్ అంటే సీట్ల వెనక నిలబెట్టి గాలిని అడ్డుకునే బోర్డు. దాని సంగతి తర్వాత, నా మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: తలుపుల అద్దాలు పైకెత్తారా?

"టాప్ దించాక ఇంక అద్దాలెందుకండీ?" అంటారు. అందుకే ఎత్తాలి. పక్కల నుంచి లోపలికి తిరిగే గాలిని ఆపేవి అవే. ఫొటోలో దించితేనే బాగుంటుంది, కాదనను. కానీ 65 మైళ్ళ వేగంలో ఫొటో తీసేదెవరు? అద్దాలు ఎత్తకుండా డిఫ్లెక్టర్ మీద డబ్బు పెట్టొద్దు. రెండోది, సీట్ల వెనక మడత బోర్డు ఉన్న కారైతే అది నిలబెట్టి ఉందో, పడుకుని ఉందో చూడండి. పాత ఓనరు మడిచిపెట్టిన బోర్డు మీదే జాకెట్లు పడేసి, గాలి గాలి అని గోలపెట్టేవాళ్ళను చాలామందినే చూశాను.

ఈ రెండూ అయ్యాక కూడా బాదుతుంటే అప్పుడు కింది సంగతులు చూడండి.

గాలి ఎటు నుంచి వస్తోంది?

ముందు నుంచి వస్తోందని అందరూ అనుకుంటారు. ముందద్దం దాన్ని తల మీదుగా దాటించేస్తుంది. దాటిన గాలి వెనక డెక్ (సీట్ల వెనక, మడిచిన టాప్ పడుకునే చోటు) దగ్గర కిందికి దిగి, లోపలి ఖాళీలోకి తిరిగి, సీట్ల వెనక నుంచి ముందుకు వస్తుంది. కాలవలో రాయి వెనకాల నీళ్ళు సుడి తిరిగి మళ్ళీ రాయి వైపే వస్తాయి చూడండి, అదే పని. పక్కన కూర్చున్నావిడ చున్నీ చెంగు వెనక్కి ఎగరాల్సింది పోయి, ముందుకొచ్చి మొహానికి చుట్టుకునేది ఇందుకే. (ఓపెన్ కారులో పొడుగు చున్నీ వదులుగా వదలకండి. 1927లో ఫ్రాన్స్‌లోని నీస్‌లో నర్తకి ఇసడోరా డంకన్ ప్రాణం అలాగే పోయింది, స్కార్ఫ్ వెనక చక్రంలో చుట్టుకుని.)

జానెడు ఊలు దారం ముక్కలు కొన్ని తీసుకుని హెడ్‌రెస్ట్ పక్కన, సీటు భుజం దగ్గర, రెండు సీట్ల మధ్య కన్సోల్ మీద, ముందద్దం పై అంచు మీద టేపుతో అంటించండి. పక్కనున్నవాళ్ళను ఫోన్‌లో వీడియో తీయమనండి. నడిపేవాళ్ళు చూడొద్దు. దారం ఎటు ఎగిరితే గాలి అటు పోతున్నట్టు. ఇది ఫ్రీవే వేగంలోనే చేయాలి. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 50 నుంచి 70కి వెళ్తే తోపు దాదాపు రెండింతలవుతుంది. కాలనీలో ఒక రౌండ్ కొట్టొచ్చి "తగ్గిందండీ" అంటే నేను నమ్మను.

నుదురు, నడినెత్తి మీద కొడుతోంది. అంచు మీది దారం, మీ జుట్టు రెండూ వెనక్కే ఎగురుతున్నాయి

మీ తల ముందద్దం పై అంచు దాటించిన గాలిలోకి పొడుచుకొచ్చింది. పొడుగువాళ్ళ సమస్య ఇది. వెనక ఎంత పెద్ద డిఫ్లెక్టర్ పెట్టినా ఒరిగేదేమీ లేదు. సీటు కిందికి దిగాలి. మియాటా నడిపేవాళ్ళు ఎప్పటి నుంచో చేసే పని, సీటు అడుగు ఫోమ్ కొంత కోసి తీసేయడం. ఒకేసారి కోసేయకుండా పలచగా చెక్కుతూ, మధ్యమధ్యలో కూర్చుని చూసుకోండి. ఒక అంగుళం దిగినా తేడా తెలుస్తుంది. అంతకంటే ముందు, పాత ఓనరు సీటు మీద అదనంగా దిండేమైనా వేశాడేమో చూడండి. అది తీసేస్తే అక్కడికే సగం పని అవుతుంది.

ఒక్క చెవి వైపే ఈల, గాలి

ఆ వైపు అద్దం పూర్తిగా పైకి రాలేదు. పాత మియాటాల్లో అద్దం ఎత్తే కేబుల్ సాగిపోయి, గైడ్లలో గ్రీజు గట్టిపడి, అద్దం చివర్లో బద్ధకిస్తుంది. గైడ్లు శుభ్రం చేసి సిలికాన్ గ్రీజు పెట్టండి. తలుపు ముందు మూలన ఉండే చిన్న తిరగని అద్దం పక్కన రబ్బరు ఎండి చీలిపోయిందేమో కూడా చూడండి.

మెడ వెనక, నడుము దగ్గర చల్లగా తోస్తోంది. డిఫ్లెక్టర్ ఉన్నా తగ్గలేదు

అసలు కథ ఇక్కడుంది. డబ్బు వృథా చేయించేదీ ఇదే.

మెడకు గాలి తగులుతోంది కాబట్టి డిఫ్లెక్టర్ పొట్టిగా ఉందనుకుంటారు. ఇంకాస్త ఎత్తుది కొంటారు. తగ్గదు. జాలీది తీసేసి పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్‌ది పెడతారు. కొంచెం తగ్గినట్టు ఉంటుంది కానీ తగ్గదు. ఎందుకంటే గాలి బోర్డు పై నుంచి రావట్లేదు, బోర్డు కింది నుంచి వస్తోంది. డెక్‌కీ బోర్డు కింది అంచుకీ మధ్య సందులోంచి దూరి, రెండు సీట్ల మధ్య ఉబ్బెత్తుగా ఉండే టన్నెల్ మీదుగా ముందుకొచ్చి, సీటు వెనక భాగాన్ని పట్టుకుని వీపు వెంట పైకెక్కి మెడ దగ్గర బయటపడుతుంది. మనకు తెలిసేది ఆ చివరి చోటే.

పట్టుకోవడం తేలిక. పెట్రోలు బంకులో ఇచ్చిన రసీదు కన్సోల్ మూత మీద పెట్టి ఫ్రీవే ఎక్కండి. రసీదు వెనక అంచు మొదట లేస్తుంది, కాసేపు వణుకుతుంది, తర్వాత గేర్ లివర్ వైపు జారి, అక్కణ్ణించి ఎగిరి ముందద్దానికి అతుక్కుంటుంది. అలా జరిగిందంటే మీ సందు కిందే ఉంది.

రోల్ బార్ (కారు బోల్తా పడితే తలలను కాపాడే, సీట్ల వెనక కమ్మీ) వేయించిన కార్లలో ఇది మరీ ఎక్కువ. డిఫ్లెక్టర్‌ను బార్‌కు బిగిస్తారు, బార్ వంపు మొదలయ్యే దగ్గర ప్లాస్టిక్ ఆగిపోతుంది, దాని కింద నాలుగు వేళ్ళు పట్టేంత ఖాళీ మిగులుతుంది. పై నుంచి చూస్తే నీట్‌గా ఉంటుంది. కాబట్టి పై నుంచి చూడకండి. సీటు ముందుకు జరిపి, వంగి, ఫోన్ లైటు డెక్ వైపు నుంచి వేసి లోపలి నుంచి చూడండి. వెలుగు వచ్చిన ప్రతి చోటా గాలీ వస్తుంది.

ఇంకో తిరకాసు ఉంది. ఒకే కారులో ఆయనకు ఏ ఇబ్బందీ ఉండదు, ఆవిడ నడిపితే మాత్రం మెడ పట్టేస్తుంది. "నీదంతా భ్రమ" అని ఆయన తేల్చేస్తాడు. భ్రమేమీ కాదు. పొడుగాయన సీటును చివరిదాకా వెనక్కి తోస్తాడు, సీటు వీపు వెనక గోడకు ఆనుకుని సందును అదే మూసేస్తుంది. ఆవిడ సీటు ముందుకు జరపగానే వెనక దారి తెరుచుకుంటుంది. అందుకే ఏ పరీక్ష చేసినా, ఇబ్బంది పడుతున్నవాళ్ళ సీటు ఎక్కడుంటుందో అక్కడే పెట్టి చేయాలి.

కొత్తదేమీ కొనకముందు ఒక స్నానాల తువ్వాలు గట్టిగా చుట్టి, రెండు సీట్ల మధ్య, బోర్డు కింద కుక్కండి. ఊడి పెడల్స్ దగ్గరికి రాకుండా ఒక తాడుతో కట్టండి. మళ్ళీ అదే రోడ్డు మీద, అదే వేగంలో వెళ్ళండి. రసీదు కదలకపోతే కారణం దొరికినట్టే.

తువ్వాలు స్థానంలో పెట్టాల్సింది క్యాంపింగ్‌కు పరిచే ఫోమ్ చాప లాంటిది, నీళ్ళు పీల్చని రకం. స్పాంజి వద్దు, ఒక్క వాన తడిస్తే వారం కంపు. ముందు అట్టముక్కతో ఆకారం తీసుకుని, ఫోమ్‌ను దానికంటే అర అంగుళం ఎక్కువగా కోస్తే బిగుతుగా కూర్చుంటుంది. బోర్డు కింది అంచుకు తలుపులకు వాడే బోలు రబ్బరు స్ట్రిప్ అంటిస్తే చిన్న సందులు కూడా పోతాయి. సీట్ల మధ్య భాగం ముఖ్యం, పక్కలది తర్వాత చూసుకోవచ్చు.

రెండు జాగ్రత్తలు. సీటు బెల్టులు బయటికొచ్చే దారిలో ఫోమ్ అడ్డం రాకూడదు. బెల్టు లాగి వదిలితే పూర్తిగా వెనక్కి వెళ్ళాలి. అలాగే వెనక రెండు మూలల్లో, సీటు బెల్టులు బిగించి ఉండే నిలువు స్తంభాల (బెల్టు టవర్ల) పక్కన, టాప్ మీద పడ్డ వాన నీళ్ళు బయటికి పోయే డ్రెయిన్లుంటాయి. వాటి మీద ఏదీ కుక్కొద్దు. అవి మూసుకుపోతే నీళ్ళు కార్పెట్ కిందికి చేరి, గాలి సమస్య కాస్తా తుప్పు సమస్య అవుతుంది.

కిందంతా మూశాక కూడా తగ్గకపోతే అప్పుడు ఎత్తు సంగతి చూడండి. బోర్డు పై అంచు ఎక్కడో చెవుల ఎత్తుకు, హెడ్‌రెస్ట్ పై భాగం దాకా ఉంటే చాలు. కొనేటప్పుడు పాలికార్బొనేట్ అని అడిగి మరీ తీసుకోండి. చౌకగా వచ్చే యాక్రిలిక్ దెబ్బ తగిలితే ముక్కలై విరుగుతుంది, అది మీ తల వెనకాలే ఉంటుంది.

టాప్ వేసి ఉంది, అద్దం దించితే చెవుల్లో దుమ్ దుమ్

ఇది వేరే జబ్బు. ఖాళీ సీసా మూతి మీద ఊదినప్పుడు వచ్చే మోతకు కారణమేదో దీనికీ అదే. వెనక ప్లాస్టిక్ కిటికీ జిప్ తీసేయండి, లేదా రెండో అద్దం కొంచెం దించండి, ఆగిపోతుంది.

పటపట శబ్దం మాత్రమే, గాలి లేదు

బెల్టు పట్టీయో, మడిచిన టాప్ మీది కవరు బటనో ఊడి కొట్టుకుంటోంది. బటన్ పెట్టండి. బెల్టును మెలితిప్పి శబ్దం ఆపే తెలివి మాత్రం వద్దు, ప్రమాదంలో అదే కోస్తుంది.

ముందద్దం ఫ్రేము వంగిందేమో, పక్క మిర్రర్లు మార్చాలేమో, పాప్-అప్ లైట్లు లేచి ఉన్నందుకేమో అని కూడా అడుగుతుంటారు. బోల్తా పడిన కారు అయితే తప్ప ఫ్రేము జోలికి పోకండి. మిగతా రెండూ మెడ మీది గాలికి కారణం కావు. పెద్ద ట్రక్కు వెనక వెళ్ళేటప్పుడే బాదుతుంటే లేను మారండి, కారులో ఏమీ లేదు.

ఫోమ్ పెట్టాక టాప్ ఎత్తే ముందు దాన్ని తీసి డిక్కీలో పడేయండి, లేకపోతే టాప్ ఫ్రేము దాని మీద ఇరుక్కుంటుంది. వాన మొదలయ్యాక తొందరలో ఇది గుర్తు రాదు కాబట్టి, ఫోమ్‌కు ఎర్ర రంగు నాడా ఒకటి కట్టి బయటికి కనిపించేలా వదలండి.