వేసవిలో పెన్న వెంట సైకిలు ప్రయాణం: నెల్లూరు నుంచి జొన్నవాడకు

వేసవిలో మిత్రులతో కలిసి నది వెంట సైకిళ్లపై వెళ్లదలచిన నెల్లూరు వారికి జొన్నవాడ చాలా అనువైన గమ్యం. పట్టణంలో బయలుదేరే చోటును బట్టి దూరం 12 నుంచి 15 కిలోమీటర్లు కనుక అలవాటు తప్పినవారు కూడా తొక్కగలరు. అయితే రోహిణి కార్తెలో మన జిల్లా ఎండ ఎటువంటిదో అందరికీ తెలుసు. అందువల్ల తెల్లవారుజామునే వెళ్లి, మధ్యాహ్నమంతా నీడపట్టున గడిపి, ఎండ చల్లబడ్డాకనే తిరుగు ప్రయాణం కట్టాలని గట్టిగా చెబుతాను. దారి పడమరకు సాగుతుంది కాబట్టి, ఇలా చేస్తే ఉదయం వెళ్లేటప్పుడూ, సాయంత్రం వచ్చేటప్పుడూ సూర్యుడు వీపు వైపే ఉంటాడు. సాయంత్రం సముద్రపు గాలి ఎదురవుతుంది కనుక తిరుగు ప్రయాణానికి కొంత ఎక్కువ సమయం ఉంచుకోవాలి.

ఐదున్నరకల్లా పెన్న వంతెన దాటి ఉత్తరపు ఒడ్డుకు చేరాలి. వంతెన మీద లారీల రద్దీ ఉంటుంది కనుక ఒకరి వెనక ఒకరు, కబుర్లు మాని, ఎడమ అంచునే వెళ్లాలి. బాగా తొక్కగలవారిలో ఒకరు ముందు, మరొకరు అందరికంటే వెనక ఉంటే మధ్యలో ఎవరూ తప్పిపోరు.

ఈ దారిలో అసలు శత్రువు సర్కారు తుమ్మ ముల్లు. నది గట్ల పొడవునా ఈ కంప పెరిగి ఉంటుంది. కట్టెలు కొట్టుకుపోయేవారి మోపుల నుంచి రాలిన ముళ్లు బాటల మీద పడి ఉంటాయి. అందుకే గాలి పంపు, పంక్చరు అతుకులు, సొల్యూషను, టైరు విప్పే పుల్లలు జట్టుకొక సంచిలో తప్పక ఉండాలి. ట్యూబుకు అతుకు వేసినంత మాత్రాన పని పూర్తికాదు. ముల్లు తరచుగా మొదలు దగ్గర విరిగి, మొన మాత్రం టైరు లోపలే నిలిచిపోతుంది. పైనుంచి చూస్తే చిన్న నల్లటి చుక్కలా తప్ప కనిపించదు. టైరు లోపలి వైపు గుడ్డతో నెమ్మదిగా చుట్టూ తుడుస్తూ పోతే, ఆ మొన ఉన్నచోట గుడ్డ పోగు పట్టుకుంటుంది. దానిని పట్టకారుతో లాగివేసిన తరువాతే ట్యూబు ఎక్కించాలి. లేకుంటే అరకిలోమీటరు పోకముందే మళ్లీ గాలి దిగిపోతుంది. మధ్యాహ్నం సైకిళ్లను నీడలోనే నిలపడం కూడా మరువరాదు.

జొన్నవాడలో మల్లికార్జున స్వామి, కామాక్షి తాయి ఆలయం నది ఒడ్డునే ఉంది. ఎదుటి ఒడ్డున నరసింహకొండ కనిపిస్తుంది. వైశాఖమాసంలో అమ్మవారి బ్రహ్మోత్సవాలు జరుగుతాయి కనుక, ప్రశాంతంగా గడపాలనుకునేవారు ఆ రోజులు తప్పించి బయలుదేరాలి. వేసవిలో పెన్న చాలాచోట్ల ఇసుక మేటగానే ఉంటుంది. అక్కడక్కడా నిలిచిన మడుగులు నిశ్చలంగా, లోతులేనట్లు కనిపించినా వాటిలో దిగవద్దని మిత్రులందరికీ ముందే చెప్పి ఒప్పించాలి. ఇసుక తవ్విన గుంతల అంచు అడుగు పెట్టగానే జారిపోతుంది. ఈత వచ్చినవారు కూడా అందులో చిక్కుకుంటారు. ఎగువన సోమశిల జలాశయం నుంచి నీరు వదిలితే ప్రవాహం పెరుగుతుందనీ గుర్తుంచుకోవాలి.

మనిషికి రెండు లీటర్ల నీళ్లకు తక్కువ కాకుండా తీసుకెళ్లాలి. ఉప్పు వేసిన పలుచటి మజ్జిగ, పెరుగన్నం, నంజుకోవడానికి ఊరగాయ చాలు; దారిలో తాటిముంజలు దొరికితే అంతకంటే మేలైనది లేదు. ఎవరికైనా చెమట ఆగిపోయి, మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే అది వడదెబ్బే. వెంటనే నీడకు చేర్చి, దుస్తులు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కు ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేని మనిషికి నోట్లో నీళ్లు పోయరాదు.

సాయంత్రం నాలుగున్నర దాటాక బయలుదేరితే చీకటి పడకముందే వంతెన దాటవచ్చు. ఆలస్యమైతే అవసరపడతాయి కనుక ప్రతి సైకిలుకూ ముందు దీపం, వెనక ఎర్ర దీపం ఉన్నాయో లేదో ఇంటి దగ్గరే చూసుకోవాలి.