బుడమేరు పనులకు నిధులు అడిగే ముందు

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు వరద నీటిని కృష్ణా నదికి తీసుకువెళ్లే మళ్లింపు కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడి, విజయవాడలోని సింగ్‌నగర్, పాయకాపురం తదితర ప్రాంతాలు రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయాయి. ఇలాంటి విపత్తు తరువాత ఏ నగరమైనా రాష్ట్ర ప్రభుత్వాన్ని నిధులు అడుగుతుంది. అయితే ‘మా నగరాన్ని వరద నుంచి కాపాడండి’ అని మాత్రమే రాసిన వినతిపత్రం ‘తగు చర్య నిమిత్తం’ అనే ఒక్క మాటతో శాఖ నుంచి శాఖకు తిరిగి, చివరికి ఎవరి బల్ల మీదా నిలవదు. మన దగ్గర ఈ ప్రయత్నమంతటికీ పైరవీ అన్న పేరే మిగిలింది కానీ, కార్పొరేటర్లు, కాలనీ సంఘాలు, ఇంజనీర్లు బహిరంగంగా, కాగితం మీద చేయగల పని ఇందులో చాలా ఉంది.

మొదట అడగవలసిన పనులను శాఖల వారీగా విడదీయాలి. మళ్లింపు కాలువ వెడల్పు, గట్ల పటిష్ఠత, వాగు నీటిని నియంత్రించే వెలగలేరు రెగ్యులేటరు జలవనరుల శాఖ పరిధిలోనివి. వీధుల్లోని వాన నీటి డ్రైన్లు, కల్వర్టులు నగరపాలక సంస్థవి. ఆక్రమణల సర్వేకు రెవెన్యూ శాఖ రావాలి. నిధుల విషయంలోనూ ఈ విభజన తప్పదు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధిలో 80 శాతాన్ని సహాయ చర్యలకు, 20 శాతాన్ని ముందస్తు ఉపశమనానికి, అంటే విపత్తు రాకముందే నష్టాన్ని తగ్గించే పనులకు, కేటాయించింది. అయితే భారీ వరద గట్ల వంటి నిర్మాణాలను ఉపశమన నిధి నుంచి కాక సాధారణ అభివృద్ధి పథకాల కింద చేపట్టాలని కూడా అదే సంఘం చెప్పింది. కాబట్టి కాలువ విస్తరణ కోసం ఉపశమన నిధిని అడిగితే తిరస్కరణను మనమే కోరి తెచ్చుకున్నట్లవుతుంది. ఆ పనికి జలవనరుల శాఖ బడ్జెట్‌లో పద్దు అడగాలి; హెచ్చరిక వ్యవస్థ వంటి స్థానిక పనులకు ఉపశమన నిధిని అడగాలి.

తరువాతిది ఆధారం. ఎన్ని ఇళ్లు మునిగాయన్న లెక్క సహాయానికి పనికివస్తుంది. పనులకు డబ్బు కావాలంటే నీరు ఎందుకు నిలిచిందో చూపాలి. మళ్లింపు కాలువ ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుస్తుంది. 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ వద్ద ప్రవాహం రికార్డు స్థాయిలో సుమారు 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. నది అంత ఎత్తున ఉన్నప్పుడు కాలువ నీరు అందులోకి సులువుగా దిగదు. ఈ సంగతి చెప్పని నివేదిక గండ్లు పూడ్చడంతోనే ఆగిపోతుంది. ప్రతి వీధిలో గోడల మీది నీటి మరకలను తేదీతో, నేల నుంచి ఎత్తుతో కొలిచి ఫోటో తీయించాలి. దసరాకు గోడలకు సున్నం పడితే ఆ సాక్ష్యం పోతుంది, మళ్లీ దొరకదు.

ఆర్థిక శాఖ అడిగే మొదటి ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి: గతంలో ఇచ్చిన డబ్బు ఏమైంది? విజయవాడ వాన నీటి డ్రైన్లకు కేంద్రం 461 కోట్ల రూపాయలు కేటాయించగా, ఆ పనులు అసంపూర్తిగా నిలిచాయి. దీన్ని దాచిపెట్టి కొత్త అంచనా పంపడం కన్నా, ఎక్కడ ఎన్ని మీటర్లు పూర్తయిందో, ఎందుకు ఆగిందో, మిగిలినదానికి నేటి ధరల ప్రకారం ఎంత కావాలో ఒక పేజీలో రాసి జతచేయడం మేలు. నా ఉద్దేశంలో మొత్తం దరఖాస్తులో బలమైన పేజీ అదే అవుతుంది.

ఎవరు కలిసి అడుగుతున్నారన్నది కూడా ముఖ్యమే. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలుస్తుంది. 2024లో దిగువన నందివాడ మండలం గ్రామాలూ మునిగాయి. నగరం తన నీటిని తమ పొలాల మీదికి తోసేస్తోందని దిగువ గ్రామాలు అనుకుంటే ప్రతిపాదన అక్కడే ఆగుతుంది. నగరపాలక మండలి తీర్మానంతో పాటు మైలవరం, గుడివాడ శాసనసభ్యుల సంతకాలూ ఉన్న వినతిపత్రానికి బరువు వేరు. ఆక్రమణలు తొలగించాలని కోరేటప్పుడు అక్కడి పేదలకు ప్రత్యామ్నాయ ఇళ్లను కూడా అదే పత్రంలో అడగాలి. లేకపోతే పగలు సంతకం పెట్టిన నాయకుడే సాయంత్రానికి అడ్డం తిరుగుతాడు.

సమయం తప్పితే ఇదంతా వృథా. రాష్ట్ర బడ్జెట్ సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో సభకు వస్తుంది. శాఖల ప్రతిపాదనలు అంతకు కొన్ని నెలల ముందే ఆర్థిక శాఖకు చేరతాయి. అందువల్ల వానాకాలం ముగిసిన వెంటనే అంచనాలు చీఫ్ ఇంజనీరు వద్దకు వెళ్లాలి. వెలగపూడి సచివాలయానికి నలుగురికి మించకుండా వెళ్లి, శాలువాలకు బదులు ఈ-ఆఫీస్ (ప్రభుత్వ ఆన్‌లైన్ ఫైళ్ల వ్యవస్థ) ఫైలు నంబరు తీసుకుని రావాలి. పరిపాలనా ఆమోదం జీవో వెలువడినంత మాత్రాన నిధులు వచ్చినట్లు కాదు. బడ్జెట్ విడుదల ఉత్తర్వు వచ్చి, బిల్లులు రాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థ అయిన సీఎఫ్‌ఎంఎస్‌లో చెల్లింపు దాకా వెళ్లాలి. మధ్యలో జాప్యం జరిగితే శాసనసభలో ప్రశ్న వేయించాలి. మంత్రి సభలో గడువు చెప్పి హామీ ఇస్తే, ఆ గడువు దాటిన తరువాత విషయాన్ని, సభలో మంత్రులిచ్చిన హామీల అమలును పరిశీలించే ప్రభుత్వ హామీల కమిటీ దృష్టికి తీసుకువెళ్లవచ్చు.