గ్రీకు కావ్యం ఒడిస్సీ చదవాలంటే ఇక్కడ మొదలుపెట్టండి

పర్లాకిమిడిలో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నేర్చుకున్నవాళ్లకి ఇంకో లిపి అంటే టెన్షన్ అక్కర్లేదు, గ్రీకు అక్షరాలు 24 మాత్రమే, రోజుకి నాలుగు రాసుకుంటే వారంలో వచ్చేస్తాయి. కానీ ముందు కథ పట్టుకోండి.

గ్రీకు కవి హోమర్ ఒడిస్సీ కూడా 24 భాగాలే. నా మాట విని నేరుగా 19వ భాగం తెరవండి. ఇల్లు వదిలిన ఇరవయ్యో ఏట బిచ్చగాడి వేషంలో తిరిగి ఇల్లు చేరిన కథానాయకుడు ఒడిస్సియస్ కాళ్లు కడుగుతూ ముసలి దాది యూరిక్లియా అతని మోకాలి పైన చెయ్యి వేస్తుంది, ఎప్పుడో అడవిపంది కోర దిగిన మచ్చ తగులుతుంది, గుర్తుపట్టేసి కాలు వదిలేస్తే కంచుపళ్లెం ఒరిగి నీళ్లన్నీ నేలపాలు. నాకైతే ప్రతిసారీ కళ్లు చెమరుస్తాయి.

పైకి చదవండి, హరికథలా వినిపించడానికి పుట్టిన కావ్యం ఇది. గ్రీకు దేవతల రాజు జ్యూస్ అంటే మన ఇంద్రుడే అని తొందరపడి జోడించకండి. అతిథి మర్యాదని గ్రీకులు క్సెనియా అంటారు, అది ఎక్కడెక్కడ నిలిచిందో, ఎక్కడ తప్పారో పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ వెళ్లండి.